చుక్క జారితే

లెక్కలు బడితోనే సరి అని చాలామంది నమ్మకం. ఆఖరి పరీక్ష రాసి బయటికి వచ్చిన మర్నాటి నుంచీ వాటితో ఎవరికీ పనుండదు. వున్నా పాలపద్దు, చాకలిపద్దు, ఇంటద్దెతో తీరిపోతుంది. ముప్ఫై మూడేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి 2005లో రిటైరైన నేను, ఈ మాట విని ఎన్నడూ నొచ్చుకోలేదు. నిజమే గదా! నలుగురు కూలీలు ఎనిమిది రోజుల్లో తవ్విన కాలవను ఆరుగురు ఎన్నాళ్ళలో తవ్వుతారని కొన్ని వేలమంది పిల్లల్ని అడిగాను. వాళ్ళలో ఒక్కడైనా పెద్దవాడై కాలవ తవ్వించాడన్న వార్త నా చెవిన పడలేదు. లెక్క తప్పితే పోయేవి రెండు మార్కులు. అంతకంటే ఏ పిల్లవాడికీ ప్రాణం మీదికి రాలేదు.

కాని ప్రాణం మీదికి వచ్చే చోటు ఒకటుంది. అది మందుల కొట్టు. అక్కడ కాగితం మీద వేసిన గుణకారం నేరుగా మనిషి కడుపులోకి, ఒక్కొక్కప్పుడు రక్తంలోకి వెళుతుంది. దశాంశపు చుక్క ఒక్క స్థానం ఇటు జరిగితే మందు పనిచెయ్యదు. అటు జరిగితే మందే విషం. ఈ సంగతి పుస్తకంలో చదివి తెలుసుకునే అవకాశం నాకు లేకపోయింది. మా కోడలి పరీక్ష పుణ్యమా అని, అరవై తొమ్మిదో ఏట వంటింటి బల్ల ముందు కూచుని తెలుసుకున్నాను.

2016 వేసవిలో నేనూ మా ఆవిడా న్యూజెర్సీలో వున్న మా అబ్బాయి దగ్గరికి వెళ్ళాం. అమెరికా వెళ్ళిన తలిదండ్రుల బతుకు మీకు తెలియంది కాదు. మొదటి వారమంతా వింత. రెండో వారం నిద్ర. మూడో వారం నుంచి కిటికీ. నేను కిటికీ దగ్గర కూచుని ఎదురింటి గడ్డి ఎంత ఎదిగిందో అంచనా వేస్తూ వుండగా, మా కోడలు పొద్దున్నే పిల్లల్ని బడికి పంపి, వంట ముగించి, పెద్ద పెద్ద పుస్తకాలు ముందేసుకుని కూచునేది.

ఆమె విశాఖపట్నంలో బి.ఫార్మసీ చదివింది. 2002లో పూర్తయింది. ఆ సంవత్సరానికి ఒక విశేషం వుంది. 2003 జనవరి 1 నుంచి పట్టం పుచ్చుకున్న విదేశీయులు, అమెరికాలో ఫార్మసిస్టు లైసెన్సుకు దరఖాస్తు పెట్టాలంటే, కనీసం అయిదేళ్ళ కోర్సు చదివివుండాలని అక్కడి నిబంధన. మన బి.ఫార్మసీ నాలుగేళ్ళది. ఆరేళ్ళ ఫార్మ్.డి. మన దేశంలో 2008లో గాని మొదలుకాలేదు. అంచేత మా కోడలు తలుపు మూసుకోబోతూ వుండగా లోపల కాలు పెట్టినట్టయింది. అదే చదువు రెండేళ్ళ తరవాత ముగించిన ఆమె చెల్లెలికి ఆ దారే లేకుండా పోయింది.

కాలయితే లోపల పెట్టింది గాని, లోపలికి నడవడానికి పదమూడేళ్ళు పట్టింది. పెళ్ళి, ఇద్దరు పిల్లలు, వీసాల బెడద, గ్రీన్ కార్డు కోసం నిరీక్షణ. అన్నీ తీరాక విదేశీ పట్టభద్రులకని పెట్టిన పరీక్ష రాసి గట్టెక్కింది. ఇంగ్లీషు పరీక్షా గట్టెక్కింది. ఒక మందుల కొట్లో వెయ్యి గంటలు పైచిలుకు నిలబడి పని నేర్చుకుంది. ఇక మిగిలింది నాప్లెక్స్ అనే లైసెన్సు పరీక్ష. అది కంప్యూటరు మీద రాస్తారు. ఒక ప్రశ్నకు జవాబిచ్చి ముందుకు వెళితే మళ్ళీ వెనక్కి వచ్చి దిద్దుకోవడానికి వీల్లేదు. ప్యాసవ్వాలంటే అప్పట్లో 75 రావాలి. మేం వెళ్ళడానికి నెల్లాళ్ళ ముందు ఆమె రాసింది. 71 వచ్చింది.

ఆ ఇంట్లో ఎవరూ ఆ అంకెను పైకి అనేవారు కారు. మా అబ్బాయి మంచివాడే, "పోనిద్దూ, నీకేం తక్కువైంది?" అనేవాడు. ఆడదాన్ని ఓదార్చడానికి ఇంతకంటే పనికిమాలిన మాట లేదు. మా ఆవిడ ఇంకో అడుగు ముందుకు వేసి, "ఈ వయస్సులో పరీక్ష లేమిటే తల్లీ, పిల్లలు చిక్కిపోతున్నారు" అంది. పిల్లలేమీ చిక్కలేదు. కోడలు చిక్కింది.

ఒక మధ్యాహ్నం నేనే కదిపాను. "ఎక్కడ తప్పుతోందమ్మా?" అని.

"మందులన్నీ వచ్చు మామయ్యగారూ. ఏ జబ్బుకు ఏ మందు, దేనితో ఏది కలిస్తే ప్రమాదం, నిద్దట్లో లేపి అడిగినా చెపుతాను. లెక్కల దగ్గరికి వచ్చేసరికే చెయ్యి వణుకుతోంది" అంది.

నాకు నవ్వూ వచ్చింది, ఉత్సాహమూ వచ్చింది. పదకొండేళ్ళుగా నన్నెవరూ లెక్క అడగలేదు మరి! మర్నాటి నుంచి కిటికీ మానేసి వంటింటి బల్లకు మారాను.

అవి చూస్తే నాకు పాతచుట్టాల్లాగే కనిపించాయి. మందుల భాషలో నూటికి ఒకటి అంటే, 100 మిల్లీలీటర్ల ద్రావకంలో ఒక గ్రాము మందు వుందన్నమాట. మన ఆసుపత్రుల్లో ఎక్కించే సెలైన్ నూటికి 0.9, అంటే లీటరుకు 9 గ్రాముల ఉప్పు. ఇంతవరకూ చిక్కులేదు. తరవాత పలచన చేసే లెక్కలు. నూటికి 10 వున్న ద్రావకం 50 మిల్లీలీటర్లుంది. దాన్ని నూటికి 2 చెయ్యడానికి ఎన్ని నీళ్ళు పొయ్యాలి?

దీనికి ఆమె దగ్గర ఒక సూత్రం వుంది. సూత్రం వల్లె వేసేవాళ్ళకి కంగారులో అదే ఎదురు తిరుగుతుంది. నేను సూత్రం పక్కన పెట్టమని, చారు సంగతి చెప్పాను. చారు ఉప్పగా అయిందని నీళ్ళు పోస్తాం. నీళ్ళు పోస్తే ఉప్పు ఎక్కడికైనా పోయిందా? గిన్నెలో వున్న ఉప్పు వున్నట్టే వుంది; చారు పెరిగింది, అంతే. ఇక్కడా అంతే. మొదటి సీసాలో మందు 5 గ్రాములు. ఆ 5 గ్రాములే నూటికి 2 చొప్పున పరుచుకోవాలంటే 250 మిల్లీలీటర్లు కావాలి. ఇప్పటికే 50 వుంది గనక పొయ్యవలసిన నీళ్ళు 200. ప్రశ్న రాసినవాడు జవాబుల్లో 250ని కూడా పెట్టి, దాని కోసమే కాచుకుని వుంటాడు. ఎంత పొయ్యాలి అన్నది వేరు, ఎంత కావాలి అన్నది వేరు.

ఇదే వలని ఇంకా లోతుగా పన్నిన లెక్క ఒకటి వుంది. దాన్ని తయారుచేసిన మహానుభావుడికి నేను మనస్సులోనే నమస్కారం పెట్టాను. పిల్లలకిచ్చే యాంటీబయాటిక్ పొడి సీసా మీకు తెలుసు. ఇంటికి తెచ్చి కాచి చల్లార్చిన నీళ్ళు గుర్తుదాకా పోసి కలుపుతాం. అటువంటి సీసాలో 78 మిల్లీలీటర్ల నీళ్ళు పోస్తే 100 మిల్లీలీటర్ల మందవుతుంది. అందులో ప్రతి 5 మిల్లీలీటర్లకూ 125 మిల్లీగ్రాముల మందుంటుంది. డాక్టరు రెట్టింపు చిక్కదనం కావాలన్నాడు, 5 మిల్లీలీటర్లకు 250 మిల్లీగ్రాములు. ఎన్ని నీళ్ళు పొయ్యాలి?

మా కోడలు తడుముకోకుండా 39 అంది. 78లో సగం. ఎవరైనా అలాగే అంటారు. కాని పొడి కూడా చోటు ఆక్రమిస్తుంది! 78 నీళ్ళు పోస్తే 100 అయిందంటే మిగతా 22 పొడిదే. రెట్టింపు చిక్కదనానికి మొత్తం 50 వుండాలి. అందులో 22 పొడి తీసేస్తే నీళ్ళు 28 మాత్రమే. 39 పోస్తే మందు నీళ్ళోడుతుంది. జ్వరం తగ్గక, ఆ తల్లి మందు మంచిది కాదనుకుంటుంది. డాక్టరు మంచివాడు కాడనుకుంటుంది. ఎవరికీ 22 మిల్లీలీటర్ల సంగతి తట్టదు.

ఇక రెండు చిక్కదనాలు కలిపి మూడోది చేసే లెక్కలు. ఇంగ్లీషులో వీటిని ఎలిగేషన్ అంటారు. పేరు వినగానే కోడలి ముఖం వాడిపోయేది. నిజానికి ఇది మనకు పరాయిది కాదు. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు రాసిన గణితసారసంగ్రహంలో రకరకాల వన్నెల బంగారం కలిపే లెక్కలున్నాయి; ఆ గ్రంథాన్ని మన పావులూరి మల్లన ఏనాడో తెలుగు చేశాడు. కంసాలి బంగారం బదులు ఇక్కడ గ్లూకోజు, అంతే తేడా. నూటికి 50 వున్న గ్లూకోజూ, నూటికి 5 వున్న గ్లూకోజూ కలిపి నూటికి 10 కావాలి. కావలసింది 10. అది 50కి 40 దూరం, 5కి 5 దూరం. దూరాలు అడ్డంగా మార్చుకోవాలి: చిక్కటిది 5 పాళ్ళు, పలచటిది 40 పాళ్ళు. అంటే ఒకటికి ఎనిమిది. 450 మిల్లీలీటర్లు కావాలంటే ఇది 50, అది 400. కావలసినది పలచటిదానికి దగ్గరగా వుంది గనక పలచటిదే ఎక్కువ పడుతుంది. ఇంత మాత్రం బుద్ధికి తోస్తే ఆ గీతల పటం తలకిందులైనా భయం లేదు.

ఇంకో తమాషా. ఆమె పుస్తకంలో ఎడ్రినలిన్ సూదిమందు ఒకటికి వెయ్యి, ఒకటికి పదివేలు అని రెండు రకాలు. ఒకటికి వెయ్యి అంటే మిల్లీలీటరులో ఒక మిల్లీగ్రాము. ఒకటికి పదివేలు అంటే అందులో పదోవంతు. చూశారా, పెద్ద అంకె వున్నదే బలహీనమైనది! ప్రాణం పోతున్న మనిషి పక్కన నిలబడి, సున్నాలు లెక్కపెట్టి, ఎక్కువ సున్నాలున్నది తక్కువ మందు అని గుర్తుంచుకోవడం ఎవరి తరం? అందుకే అమెరికాలో సరిగ్గా ఆ సంవత్సరమే, 2016 మే 1 నుంచి, ఇటువంటి సీసాల మీద ఆ నిష్పత్తులు తీసేసి మిల్లీలీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని స్పష్టంగా వెయ్యాలని ఏర్పాటు చేశారు. కొన్ని పరీక్షలు మనుషులకు కాక సీసాలకు పెట్టాలని నాకు అప్పుడనిపించింది.

నా చిన్నతనంలో మా వూరి కాంపౌండరుకు ఈ మిల్లీగ్రాముల బాధ లేదు. ఆయన గ్రెయిన్లూ, డ్రాములూ, ఔన్సుల మనిషి. డాక్టరుగారు చీటీ రాస్తే ఆయన గులాబీరంగు మిక్స్చరు సీసాలో పోసి, కాగితం ముక్క మడిచి, అంచులు కత్తిరించి, సీసాకు అతికించేవాడు. ఒక్కొక్క మెట్టూ ఒక్కొక్క మోతాదు. చదువురాని ముసలమ్మ కూడా మెట్టు చూసి తాగేది. 1957 ఏప్రిల్లో నయాపైసలు వచ్చి అణాలు పోయాయి. కొలతలకు కూడా మెట్రిక్ పద్ధతి వచ్చింది. ఇది వచ్చి మంచిపనే చేసింది. గ్రెయిను అంటే సుమారు 65 మిల్లీగ్రాములు. గ్రాములో దాదాపు పదిహేనోవంతు. రెండూ పొట్టి అక్షరాల్లో రాస్తే అక్కచెల్లెళ్ళలా వుండేవి. కాని మెట్రిక్ పద్ధతి ఒక గండం కూడా తెచ్చింది. అంతా పదుల మీద నడుస్తుంది గనక, తప్పు జరిగితే అదీ పదింతలుగా జరుగుతుంది.

అందుకే మందుల కొట్టువాళ్ళకు రెండు నియమాలున్నాయి. అర మిల్లీగ్రాము రాసేటప్పుడు చుక్కకు ముందు సున్నా విడిచిపెట్టకూడదు; 0.5 అనే రాయాలి. లేకపోతే చుక్క కనిపించక అది 5 అవుతుంది. అయిదు రాసేటప్పుడు చుక్క తరవాత సున్నా పెట్టకూడదు; 5.0 అని రాస్తే 50 అవుతుంది. ముందు సున్నా రక్షిస్తుంది, వెనక సున్నా భక్షిస్తుంది అని మా కోడలికి చెప్పాను. బళ్ళో నేను వెనక సున్నాను పట్టించుకోమని ఎవరికీ చెప్పలేదు. బళ్ళో 5కూ 5.0కూ తేడా లేదు. మందుల కొట్లో వుంది.

ఆమె చట్టాల పుస్తకం చదువుతూ ఒకనాడు ఒక కథ చెప్పింది. 2006లో ఒహాయో రాష్ట్రంలో రెండేళ్ళ పాప. కాన్సరు దాదాపు నయమైన పాప. ఆఖరి విడత మందు ఎక్కించే సంచిలో ఉప్పు నూటికి ఒకటి లోపున వుండాలి. కలిపిన సహాయకురాలు నూటికి 23.4 వున్న చిక్కటి ఉప్పునీటితో నింపింది. చూసి పంపవలసిన ఫార్మసిస్టు చూసి పంపాడు. పాప దక్కలేదు. ఆ ఫార్మసిస్టు 2009లో జైలుకు వెళ్ళాడు. మందుల కొట్లలో సహాయకులకు అర్హతలు నిర్ణయిస్తూ ఆ రాష్ట్రంలో చట్టం వచ్చింది. దానికి ఆ పాప పేరే, ఎమిలీ చట్టమని పెట్టారు. ఇది చెప్పి మా కోడలు చాలాసేపు పుస్తకం తెరవలేదు. వణుకు లెక్కలవల్ల కాదనీ, లెక్కల వెనకాల వున్న మనిషివల్లననీ నాకు అప్పుడర్థమయింది. అటువంటి వణుకును పోగొట్టకూడదు. దానికి పని చెప్పాలి.

పని చెప్పింది నేను కాదు, మా ఆవిడ. బల్ల అవతల కూచుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. కోడలు పైకి చదువుతూ ఒక లెక్క చేస్తోంది. పాప బరువు 44 పౌన్లు. కిలోకు 12 మిల్లీగ్రాముల చొప్పున పారసెటమాల్ ఇవ్వాలి. సిరప్ 5 మిల్లీలీటర్లలో 160 మిల్లీగ్రాములుంది. ఎంత పట్టాలి? పౌన్లను 2.2తో భాగిస్తే 20 కిలోలు. మందు 240 మిల్లీగ్రాములు. అక్కడ యంత్రం మీద వేలు జారింది. "డెబ్బై అయిదు మిల్లీలీటర్లు" అని రాయబోయింది.

"డెబ్బై అయిదా!" అని మా ఆవిడ చిక్కుడుకాయ కింద పడేసింది. "అరగ్లాసు మందే! పసిపిల్లకి అరగ్లాసు మందెవరు పోస్తారే?"

జవాబు 7.5. చుక్క జారింది. మా ఆవిడ చదువు అయిదో తరగతి. దశాంశాల దాకా రాలేదు. కాని ముగ్గురు పిల్లల్ని పెంచింది. ఉగ్గుగిన్నె ఎంతో తెలుసు. ఆమెకు వినిపించింది అంకె కాదు, మాట. పసిపిల్లకు అరగ్లాసు మందు.

అప్పటినుంచి మా బల్ల దగ్గర ఒక కట్టుబాటు వచ్చింది. లెక్క మొదలెట్టకముందు జవాబు సుమారుగా ఎంత వుంటుందో నోటితో చెప్పాలి. నడుమ ప్రతి అంకె పక్కనా అది గ్రామో, మిల్లీగ్రామో, పౌనో, కిలోయో రాయాలి. చివర వచ్చిన జవాబును అంకెగా వదలకుండా, ఒక తల్లితో చెపుతున్నట్టు పూర్తి వాక్యంగా పైకి చదవాలి. "అమ్మా, మీ పాపకు ఈ మందు ఏడున్నర మిల్లీలీటర్లు పట్టండి." ఆ వాక్యం మా ఆవిడ చెవికి ఇంపుగా వుంటే ముందుకు, లేకపోతే వెనక్కి. పౌన్లను కిలోలుగా మార్చడం మరిచిపోతే అదే లెక్కలో పదహారున్నర వస్తుంది. దాన్ని కూడా వాక్యం పట్టిచ్చింది. ఫలానా పుస్తకంలో ఈ పద్ధతి వుందో లేదో నేను చూడలేదు. మా ఆవిడను మాత్రం పరీక్షకురాలి హోదాలో నియమించుకున్నాం. అత్తగారికి హోదా ఇస్తే అత్తరికం సగం తగ్గుతుందని అనుభవజ్ఞులకు తెలుసు.

ఆ ఋణం కోడలు తొందరలోనే తీర్చుకుంది. మా ఆవిడకు చక్కెరజబ్బు. రెండుపూటలా ఇన్సులిన్, పొద్దున 20 యూనిట్లు. ఇక్కణ్ణుంచి ఇన్సులిన్ సీసాలూ, సిరంజిలూ లెక్క చూసి తీసుకువెళ్ళాం. సీసాలు చల్లటి పెట్టెలో భద్రంగా వున్నాయి గాని, సిరంజిల పొట్లం ఒకటి ఎక్కడో జారిపోయింది. మా అబ్బాయి దగ్గర్లో వున్న కొట్టుకు వెళ్ళి అమెరికా సిరంజిల డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు. మర్నాడు పొద్దున మా ఆవిడ సీసా తలకిందులు చేసి సిరంజి గుచ్చింది.

"ఆగండి అత్తయ్యగారూ" అంది కోడలు, పొయ్యి దగ్గర్నుంచి.

ఆమె చూసింది మూత రంగు. మన సిరంజికి ఎర్రమూత. ఈ కొత్తదానికి నారింజరంగు మూత. మన దేశంలో ఇన్సులిన్ సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లవి. ఆ చిక్కదనానికి తగినట్టు గీతలు గీసిన సిరంజిదే ఎర్రమూత. అమెరికా సిరంజి మీద గీతలు మిల్లీలీటరుకు 100 యూనిట్లున్న ఇన్సులిన్‌కి గీసినవి. మన సీసాలోంచి ఆ సిరంజిలోకి 20 గీత దాకా లాగితే వచ్చేది మిల్లీలీటరులో అయిదోవంతు. అందులో వుండేది 8 యూనిట్లు. 20 అనుకుని 8 పొడుచుకుంటూ పోతే వారం రోజుల్లో ఒంట్లో చక్కెర ఎక్కడికి ఎక్కేదో! దీనికి తలకిందులైతే మరీ ప్రమాదం. వంద యూనిట్ల సీసాలోంచి మన ఎర్రమూత సిరంజితో 20 గీత దాకా తీస్తే లోపలికి పోయేది 50 యూనిట్లు. చక్కెర పడిపోయి మనిషి స్పృహ తప్పుతుంది.

"అయితే కొత్తదానిలో 50 గీత దాకా లాగితే సరిపోతుంది గదే?" అన్నాడు మా అబ్బాయి. లెక్క ప్రకారం సరైనదే. పరీక్షలో అయితే పూర్తి మార్కులు.

"కాగితం మీద సరిపోతుంది" అంది కోడలు. "రేపు నేను ఇంట్లో వుండను. అత్తయ్యగారు అలవాటుకొద్దీ ఇరవై దగ్గరే ఆపుతారు. సీసా ఏదో సిరంజి అదే వుండాలి. మారిస్తే రెండూ కలిపే మార్చాలి." పెట్టె అడుగున దొరికిన నాలుగు ఎర్రమూతలతో రెండు రోజులు నడిపి, ఆ లోపల డాక్టరుకు చూపించి, ఆ దేశపు సీసా ఆ దేశపు సిరంజీ జతగా రాయించింది.

ఆనాటి రాత్రి మా ఆవిడ నాతో, "పిల్లలు చిక్కిపోయినా ఫరవాలేదు గాని, దీని పరీక్ష అయిపోనివ్వండి" అంది. వంట తను చేస్తానని మర్నాటి నుంచి కోడల్ని పొయ్యి దగ్గరికి రానివ్వలేదు.

సెప్టెంబరులో కోడలు మళ్ళీ పరీక్షకు వెళ్ళింది. పెదవులు కదపకుండా ప్రతి జవాబునూ వాక్యంగా చదువుకున్నానని వచ్చాక చెప్పింది. ఈసారి ప్యాసయింది. ఎంత వచ్చిందని ఎవరూ అడగలేదు. లెక్కల మాస్టారిని నేనే అడగలేదంటే చూసుకోండి! ఆ తరవాత ఆ రాష్ట్రపు చట్టాల పరీక్ష కూడా ముగించుకుని, మరుసటి ఏడు ఒక ఆసుపత్రి మందుల విభాగంలో చేరింది. అక్కడ చిన్నపిల్లల మందుల లెక్కలన్నీ ఇద్దరు విడివిడిగా వేసి సరిచూస్తారట. ఒకరు వేసింది రెండోవారు చూడకుండా వెయ్యాలట. ఆ ఏర్పాటు విని నాకు ఎంతో తృప్తి కలిగింది. బళ్ళో దీన్నే కాపీ కొట్టకపోవడం అనేవాళ్ళం.

మన దగ్గర కూడా రోజులు మారుతున్నాయి. ఫార్మసీ డిప్లొమా చదివినవారు రిజిస్ట్రేషనుకు ముందు ఎగ్జిట్ పరీక్ష ఒకటి ప్యాసవ్వాలని 2022లో నిబంధనలు వచ్చాయి. ఊరూరా ఆ చదువు చదువుతున్న పిల్లలున్నారు. వాళ్ళింట్లో ఎవరైనా బల్ల మీద లెక్కలు పరుచుకుని కూచుంటే, ఇవి మార్కుల కోసం కాదని ఒక మాట చెప్పండి. పైకి చదివించండి. వినడానికి అమ్మమ్మను కూచోబెట్టండి.

పరీక్ష రాయని మనకూ ఇందులో కొంత పాఠముంది. పిల్లల జ్వరం మందునే తీసుకోండి. పారసెటమాల్ చుక్కలమందు చాలావాటిలో మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములుంటుంది. సిరప్పులో అయితే 5 మిల్లీలీటర్లకు 120 వున్నవీ వున్నాయి, 250 వున్నవీ వున్నాయి. 120ది మిల్లీలీటరుకు 24 పడింది. అంటే చుక్కలమందు దానికి నాలుగురెట్ల కంటే చిక్కన. సిరప్పు పట్టే లెక్కన చుక్కలమందు పట్టారా, నాలుగు మోతాదులు ఒకేసారి పోసినట్టే. అమెరికాలో ఈ గొడవ పడలేక 2011లో పసిపిల్లల చుక్కలమందును కూడా సిరప్పు చిక్కదనానికే దించాలని కంపెనీలు నిర్ణయించుకున్నాయి. మన దగ్గర రెండూ పక్కపక్కనే అమ్ముతారు. పోయిన నెల సీసా అయిపోయిందని కొత్తది తెచ్చినప్పుడు, అంకె అదేనా అని ఒకసారి చూడండి. వంటింటి చెంచా మన చెంచాయే గాని మందు చెంచా కాదు; ఒకదానిలో 3 పడితే ఒకదానిలో 7 పడుతుంది. సీసాతో ఇచ్చిన కొలతమూత పారేయకండి. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు పిల్లవాడి వయస్సుతోపాటు బరువు కూడా తెలుసుకుని వెళ్ళండి. ఇన్సులిన్ వాడే పెద్దలుంటే, సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటేనేమో చూడండి.

చివరిగా ఒక్క మాట. మనం మందుల కొట్టుకు వెళితే చీటీ చేతిలో పెట్టి, స్కూటరు ఆపకుండానే, "తొందరగా ఇవ్వవయ్యా" అంటాం. ఆ కుర్రవాడో, ఆ అమ్మాయో చీటీ వంక చూసి, సీసా వంక చూసి, మళ్ళీ చీటీ వంక చూసి, "పిల్లవాడి బరువెంతండీ?" అని అడిగితే విసుక్కుంటాం. విసుక్కోకండి. వాళ్ళు ఆలస్యం చెయ్యడం లేదు. చుక్క వున్నచోటనే వుందా, లేదా అని చూస్తున్నారు.